పచ్చళ్ల బ్రాండ్ ట్రేడ్‌మార్క్ గడువు దాటింది, రిజిస్టర్‌లో ఇంకా నాన్నగారి పేరే ఉంది: ఇప్పుడేం చేయాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిదిద్దండి. మీది రాజమండ్రి. మీ నాన్నగారు వాళ్ల అమ్మగారి పేరుతో, అంటే మీ నాయనమ్మ పేరుతో, పచ్చళ్లు, కారప్పొడుల వ్యాపారం నడిపారు. 2015 అక్టోబరు 12న ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ కోసం రెండు దరఖాస్తులు పెట్టారు, పచ్చళ్లకు ఒకటి, పొడులకు ఒకటి. సర్టిఫికెట్లు 2018 జూన్‌లో వచ్చాయి. 2021లో నాన్నగారు పోయారు. ఇప్పుడు మీరు, మీ అన్నయ్య కలిసి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి అదే వ్యాపారం చేస్తున్నారు. సర్టిఫికెట్ మీద 2018 అని చూసి 2028 దాకా బెంగ లేదనుకున్నారు. మొన్న సంక్రాంతి ముందు ఎవరో ఫోన్ చేసి, "మీ మార్క్ ఎక్స్‌పైర్ అయింది మేడమ్, ఇవాళే 52 వేలు కట్టకపోతే వేరేవాళ్లు తీసేసుకుంటారు" అన్నారు. అప్పటినుంచి టెన్షన్.

ఈ రాత్రికి హాయిగా నిద్రపోండి. మార్క్ పోలేదు. గడువు దాటిన మాట నిజమే, ఇవాళే పోతుందన్నది మాత్రం అబద్ధం. గడువు సంగతి డబ్బు కడితే తీరిపోతుంది. మీ అసలు చిక్కు వేరే ఉంది: రిజిస్టర్‌లో యజమానిగా ఉన్న మనిషి అయిదేళ్లుగా లేరు. ఆ సంగతి మీరు ప్రశ్న చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నేను దాని గురించే కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట తేదీ. సర్టిఫికెట్ ఒకసారి బయటికి తీసి చూడండి. పైన ట్రేడ్‌మార్క్ నంబరు, దాని పక్కన ఒక తేదీ ఉంటాయి. అది 12-10-2015. కింద, సీలు వేసిన చోట ఇంకో తేదీ ఉంటుంది. అది 2018 జూన్‌ది. మన కళ్లు సహజంగా సంతకం, సీలు ఉన్న చోటికే పోతాయి, ఆ తేదీనే గుర్తుపెట్టుకుంటాం. చట్టం లెక్క మాత్రం పైన ఉన్నదాని నుంచి. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలో సెక్షన్ 23 ఏం చెప్తుందంటే, రిజిస్ట్రేషన్ ఎప్పుడు పూర్తయినా అది దరఖాస్తు పెట్టిన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్టు. సెక్షన్ 25 ప్రకారం అక్కడి నుంచి పదేళ్లు. అందుకే మీ రెండు మార్కుల గడువూ 2025 అక్టోబరు 12తో అయిపోయింది. దరఖాస్తుకీ సర్టిఫికెట్‌కీ మధ్య పోయిన రెండున్నరేళ్లూ మీ పదేళ్లలోంచే తరుగు. అన్యాయం అనిపిస్తుంది కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది: 2016లోనో 2017లోనో ఎవరైనా మీ పేరు వాడుకోవడం మొదలుపెట్టి ఉంటే, వాళ్లకంటే మీ హక్కు ముందుది అవుతుంది.

ఈ పొరపాటు మీరొక్కరే చేసింది కాదు, నేనూ చేశాను. విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో కంప్యూటర్ మీద నమ్మకం లేక, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటి ఒక పొడుగు పుస్తకంలో క్లయింట్ల గడువులన్నీ చేత్తో రాసుకునేవాణ్ణి. ఒక అగరుబత్తీల ఆయన సర్టిఫికెట్ వచ్చిన రోజు, ఆ సంతోషంలో, సీలు తేదీ చూసి పదేళ్లు కూడి రాసేశాను. ఆయన పేరుతో ఎవరో నకిలీ సరుకు అమ్ముతున్నారని ఆయన పరుగెత్తుకొచ్చిన రోజున స్టేటస్ తీస్తే గడువు దాటి ఎనిమిది నెలలు. పునరుద్ధరణ ఫీజు నా జేబులోంచి కట్టాను. ఆయన ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం నా టేబుల్ మీద ఒక అగరుబత్తీల పెట్టె పెట్టి, "ఇది రోజుకొకటి వెలిగించుకోండి, గుర్తుంటుంది" అన్నారు. ఆ పుస్తకం అప్పటితో మూసేశాను.

ఇప్పుడు డబ్బు లెక్క. రెన్యూవల్ ఫారం పేరు టీఎం-ఆర్. గడువుకి ఏడాది ముందు నుంచే పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే ఒక్కో క్లాసుకి, అంటే సరుకుల రకాన్ని బట్టి ట్రేడ్‌మార్కుల్ని విడగొట్టిన ఒక్కో విభాగానికి, 9,000, కాగితం మీద పెడితే 10,000. కొత్త దరఖాస్తుకి చిన్న వ్యాపారాలకీ వ్యక్తులకీ సగం ఫీజు ఉంది కదా, రెన్యూవల్‌కి ఆ రాయితీ లేదు. పెద్ద కంపెనీకైనా మీకైనా ఒకటే. గడువు దాటిన మొదటి ఆరు నెలల్లో అయితే దాని మీద 4,500 సర్‌ఛార్జి, మొత్తం 13,500. ఆరు నెలలు దాటి ఏడాది లోపు అయితే పునరుద్ధరణ, దానికి ఇంకో 9,000, మొత్తం 18,000. పచ్చళ్లు 29వ క్లాసు, కారప్పొడులు, మసాలాలు 30వ క్లాసు. మీకు రెండు నంబర్లు కాబట్టి అన్నీ రెండింతలు. టైముకి కట్టి ఉంటే 18,000 అయ్యేది. ఇప్పుడు 27,000. ఆ మొదటి ఆరు నెలలు ముగిసే 2026 ఏప్రిల్ 12 దాటితే 36,000. ఒక నంబరుకి చేస్తే రెండోది దానంతట అదే అవదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, పచ్చళ్లది రెన్యూ చేసి పొడులది మరచిపోయినవాళ్లను చూశాను.

మొదటి ఆరు నెలలకీ తరవాతి ఆరు నెలలకీ తేడా డబ్బులోనే ఉందనుకోకండి. సర్‌ఛార్జితో మొదటి ఆరు నెలల్లో పెడితే మార్కుని రిజిస్టర్ నుంచి తీసేయడానికి వీల్లేదని చట్టమే అంటుంది. అంటే అది మీ హక్కు. ఆ తరవాత మాత్రం రిజిస్ట్రార్‌కి "ఇది న్యాయమే" అనిపిస్తేనే తిరిగి ఇస్తారు. మామూలుగా ఇస్తారు, కానీ మన చేతిలో ఉన్న పనిని ఇంకొకరి దయ మీదికి ఎందుకు నెట్టుకోవడం?

ఆ 52 వేల ఫోన్ సంగతి. ప్రభుత్వానికి కట్టాల్సింది 27,000 అయితే మిగతా 25,000 దేనికి? దానికి జవాబు చెప్పగలిగితే కట్టొచ్చు. వాళ్లకి మీ నంబరు ఎలా దొరికిందని ఆశ్చర్యపడకండి. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ బహిరంగం, ఎవరైనా చూడొచ్చు. గడువు దగ్గరపడినవి, దాటినవి ఏరుకుని ఫోన్లు చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లందరూ మోసగాళ్లు కారు, కొందరు నిజంగానే పని చేసిపెడతారు. కానీ "ఇవాళే" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయండి. ప్రభుత్వ ముద్రలాంటి బొమ్మతో నోటీసుల్లా కనిపించే ఈమెయిళ్లు కూడా వస్తాయి. ఫలానా రిజిస్టర్‌లో మీ బ్రాండ్ ప్రచురిస్తాం, డబ్బు పంపండి అని ఉంటుంది. మన ట్రేడ్‌మార్క్ ఆఫీసుతో వాటికి ఏ సంబంధమూ ఉండదు. ఎవరికి పని అప్పగించినా ప్రభుత్వ ఫీజు ఎంత, మీ ఫీజు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. పని అయ్యాక ప్రభుత్వ రసీదు అడిగి తీసుకోండి. నా లెక్కలో మామూలు రెన్యూవల్‌కి ఏజెంటు అయిదు వేలకు మించి అడగకూడదు. మీది మామూలు రెన్యూవల్ కాదు కాబట్టి ఇంకాస్త అవుతుంది, అది వేరే సంగతి.

నమ్మకం కుదరకపోతే స్టేటస్ మీరే చూసుకోవచ్చు. ఐపీ ఇండియా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ స్టేటస్ అని ఉంటుంది. ఫోన్‌కో ఈమెయిల్‌కో ఓటీపీ వస్తుంది, నంబరు కొడితే మీ మార్క్ చరిత్ర అంతా వస్తుంది: ఎవరి పేరు, ఏ అడ్రసు, ఏ క్లాసు, ఎప్పటిదాకా చెల్లుతుంది. అక్కడ రెండు విషయాలు చూడండి. ఒకటి, "రిజిస్టర్డ్" అని ఉందా, "రిమూవ్డ్" అని ఉందా. రెండు, ఉత్తరప్రత్యుత్తరాల కోసం ఏ ఏజెంటు పేరు, ఏ ఈమెయిల్ ఉన్నాయి. ఎందుకంటే గడువుకి ముందు ఆరు నెలల్లో ట్రేడ్‌మార్క్ ఆఫీసు, అంటే రిజిస్ట్రీ, గడువు గుర్తుచేస్తూ ఆర్‌జీ-3 అని ఒక నోటీసు పంపాలి. అది మీకు రాలేదన్నారు. 2015లో మీ నాన్నగారికి పని చేసిపెట్టిన ఏజెంటు ఈమెయిల్‌కి పోయి ఉండొచ్చు. ఆయన రిటైరై ఉండొచ్చు, ఆ ఈమెయిల్ ఎవరూ తెరవకపోతూ ఉండొచ్చు. ఆ స్క్రీన్‌ని ఫొటో తీసి పెట్టుకోండి, పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రెన్యూవల్ అడగాల్సింది రిజిస్టర్‌లో ఉన్న యజమాని. రిజిస్టర్‌లో ఉన్నది నాన్నగారు. ఆయన లేరు. మీ కంపెనీ పేరు రిజిస్టర్‌లో ఎక్కడా లేదు. ఈ పరిస్థితిలో జనం ఒక అడ్డదారి చెప్తారు: "నాన్నగారు సంతకం చేసిన పాత పవర్ ఆఫ్ అటార్నీ మా దగ్గర ఉంది మేడమ్, దాంతోనే కానిచ్చేద్దాం, ఎవరూ అడగరు." దయచేసి ఒప్పుకోకండి. పవర్ ఇచ్చిన మనిషి పోయిన క్షణంలోనే ఆ పవర్ కూడా పోతుంది. రెన్యూవల్ ఆ రోజుకి అయిపోవచ్చు కూడా, ఎందుకంటే ఆన్‌లైన్‌లో పేరు, నంబరు కలిస్తే చాలా సందర్భాల్లో ఎవరూ లోతుగా చూడరు. కానీ రేపు మీ పేరు కాపీ కొట్టినవాడి మీద కోర్టుకి వెళ్తే, అవతలి లాయరు మొదట తీసే కాగితం అదే. 2021లో చనిపోయిన మనిషి 2026లో రెన్యూవల్ ఎలా అడిగారని జడ్జిగారి ముందు అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

సరైన దారి ఇది. మార్క్ వారసులకి వచ్చిందని రిజిస్టర్‌లో రాయించడానికి టీఎం-పి అనే ఫారం ఉంది. ఆన్‌లైన్‌లో ఒక్కో మార్కుకి 9,000. దానితో నాన్నగారి మరణ ధ్రువపత్రం, మండల ఆఫీసు నుంచి తెచ్చుకునే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, వీలునామా ఉంటే అది పెట్టాలి. వీలునామా లేకపోతే వారసులందరూ ఒక మాట మీద ఉన్నారని చూపించే అఫిడవిట్ కావాలి. వారసులు అనగానే మీరు, అన్నయ్య, అమ్మగారు అని లెక్కేసి ఉంటారు. ఇక్కడ చాలామంది ఒకరిని మరచిపోతారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగమనిషికి మొదటి వరస వారసుల్లో కొడుకులు, కూతుళ్లు, భార్యతో పాటు తల్లి కూడా ఉంటుంది. మీ నాయనమ్మ ఉన్నారా? ఉంటే, సీసా మీద ఎవరి పేరు ఉందో ఆవిడకే ఈ బ్రాండులో ఒక వాటా ఉంది. ఆవిడ సంతకం కూడా కావాలి. వేలిముద్ర వేసేవారైతే సాక్షుల ముందు వేయించాలి. నాన్నగారి తరవాత ఆవిడ కూడా పోయి ఉంటే, ఆవిడ వాటా ఆవిడ పిల్లలందరికీ, అంటే మీ బాబాయిలకీ మేనత్తలకీ కూడా పోతుంది. అందుకే ఈ పని ఎంత ఆలస్యమైతే సంతకాలు అంత పెరుగుతాయి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది: టీఎం-పి తేలేదాకా రెన్యూవల్ ఆగాలా? ఆగక్కర్లేదు, ఆగకూడదు కూడా. టీఎం-పి తేలడానికి నెలలు పడుతుంది. దానికోసం కూర్చుంటే ఏప్రిల్ 12 వెళ్లిపోతుంది. నేనైతే రెండూ ఒకే రోజు పెడతాను: పొద్దున టీఎం-పి, దాని రసీదు రాగానే సాయంత్రం టీఎం-ఆర్, అందులో వారసుల తరఫున పెడుతున్నామని, ఫలానా టీఎం-పి పెండింగ్‌లో ఉందని ఒక వివరణ లేఖ జత చేసి. వారసులు సంతకం చేసిన కొత్త పవర్ ఆఫ్ అటార్నీ వంద రూపాయల స్టాంపు పేపరు మీద. ఏదైనా లోపం ఉందని ఆఫీసు రాస్తే జవాబు చెప్పుకోవచ్చు. ఫీజూ దరఖాస్తూ గడువులోపు పడ్డాయన్నది ముఖ్యం. మనకి చెన్నై ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పరిధి, ఆంధ్ర, తెలంగాణ రెండూ గిండిలో ఉన్న ఆ ఆఫీసు కిందికే వస్తాయి. ఒకప్పుడు ప్రతి కాగితానికీ రాత్రి రైలెక్కి వెళ్లేవాళ్లం. ఇప్పుడు డిజిటల్ సిగ్నేచర్ ఉంటే ఇంట్లో కూర్చునే అయిపోతుంది.

కంపెనీ సంగతి మిగిలింది. మార్క్ వారసుల పేరు మీదికి వచ్చాక దాన్ని కంపెనీకి రాసివ్వాలా, మీ దగ్గరే ఉంచుకుని వాడుకోవడానికి కంపెనీకి లైసెన్సు ఇవ్వాలా? రెండూ చేయొచ్చు. ఏది మంచిదన్నది నేను చెప్పేదానికంటే మీరూ మీ అన్నయ్యా ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాల్సింది. నా అభిప్రాయం అడిగితే, ఇద్దరికీ కంపెనీలో సరిసమానంగా షేర్లు ఉంటే కంపెనీకే రాసివ్వండి. నలుగురి ఉమ్మడి పేరు మీద ఉంచితే ప్రతి చిన్న కాగితానికీ నలుగురి సంతకాలు కావాలి. వాళ్లలో ఒకరు అమెరికాలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కంపెనీలో బయటివాళ్ల పెట్టుబడి రాబోతోందా? అలాగైతే తొందరపడకండి, బ్రాండు కుటుంబం చేతిలోనే ఉంచి రాతపూర్వకంగా లైసెన్సు ఇవ్వండి. గ్రైండర్లూ జాడీలూ మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ పేరు దొరకదు. రాసిచ్చేటట్టయితే దస్తావేజులో "గుడ్‌విల్‌తో సహా", అంటే వ్యాపారానికి ఉన్న మంచిపేరుతో సహా, అన్న మాట తప్పకుండా ఉండాలి. ఆ మాట లేకుండా రాసుకుంటే సెక్షన్ 42 కింద ఆరు నెలల్లోపు రిజిస్ట్రార్‌ని అడిగి పత్రికా ప్రకటనలు ఇచ్చే తతంగం ఒకటి తగులుకుంటుంది. ఇంకొకటి, మీ రెండు మార్కులూ ఒకే పేరువి కాబట్టి సర్టిఫికెట్‌లో ఒకదానితో ఒకటి జతపరిచినట్టు రాసి ఉందేమో చూడండి. ఉంటే రెండూ కలిపే బదిలీ చేయాలి, పచ్చళ్లు నీకు, పొడులు నాకు అని పంచుకోవడానికి కుదరదు.

లేబుల్ మార్చాం అన్నారు. పాత లేబుల్లో నాయనమ్మ ఫొటో, చుట్టూ మామిడాకులు, కొత్త లేబుల్లో పేరు మాత్రమే, వేరే అక్షరాల్లో. రెన్యూవల్‌లో పాతదాని బదులు కొత్తది పెట్టమనడానికి లేదు. రిజిస్టర్ అయినదాని రూపు మారిపోయేంత మార్పుని చట్టం ఒప్పుకోదు. పాతది రెన్యూ చేసుకోండి, కొత్తదానికి విడిగా కొత్త దరఖాస్తు పెట్టండి, ఫారం టీఎం-ఏ. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే క్లాసుకి 4,500తో పోతుంది. అలాగే, రాజమండ్రిలో టిఫిన్ సెంటరు కూడా తెరవాలనుకుంటున్నారు కదా, అది 43వ క్లాసు, రెన్యూవల్‌లో కలపలేరు, దానికీ కొత్త దరఖాస్తే. పాత లేబుల్‌ని పూర్తిగా మానేశారా? మానేసినా పండగ ప్యాకుల మీదో, గిఫ్టు డబ్బాల మీదో ఏడాదికి కొన్నిసార్లయినా వేసి అమ్మండి, బిల్లులు దాచండి. మన దేశంలో రెన్యూవల్‌కి వాడుక రుజువు అడగరు. కానీ అయిదేళ్లకు పైగా వాడని మార్కుని కొట్టేయమని ఇంకొకరు దరఖాస్తు పెట్టవచ్చు. రెన్యూవల్ అయిపోయింది కదా అని ఆ విషయంలో ధీమాగా ఉండలేరు.

రెన్యూవల్ రికార్డు అయ్యేదాకా లేబుళ్ల మీద సున్నాలో ఆర్ గుర్తు గురించి జాగ్రత్త. రిజిస్టర్ కానిదాన్ని అయినట్టు చూపించడం చట్టం ప్రకారం తప్పు. ఈ ఆరు నెలల్లో మీ మార్క్ ఇంకా రిజిస్టర్‌లోనే ఉంది కాబట్టి ఉన్న స్టాకు గురించి నేను బెంగపెట్టుకోను. కొత్తగా లక్ష లేబుళ్లు అచ్చు వేయించే పని మాత్రం వచ్చే నెలకి వాయిదా వేయండి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నామన్నారు. అమెజాన్ బ్రాండ్ రిజిస్ట్రీ లాంటివాటిలో మీ ట్రేడ్‌మార్క్ నంబరు ఇచ్చి ఉంటే, యజమాని పేరు మారాక అక్కడ కూడా మార్పించుకోవాలి.

"ఏడాది కూడా దాటిపోతే ఏమయ్యేది?" అని అడిగారు. మీకు ఆ అవసరం రాదు, కానీ ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను. మార్క్ రిజిస్టర్ నుంచి తీసేసినా, తీసేసిన ఏడాది పాటు ఇంకొకరు అలాంటి పేరు కోసం దరఖాస్తు పెడితే, సెక్షన్ 26 ప్రకారం పాత మార్క్ ఇంకా ఉన్నట్టే చూస్తారు, తీసేయడానికి ముందు రెండేళ్లలో నిజమైన వాడకం లేదని తేలితే తప్ప. కాబట్టి ఫోన్లో చెప్పినట్టు మర్నాడే ఎవరూ ఎత్తుకుపోలేరు. రెండోది, ఆర్‌జీ-3 నోటీసు. ఆ నోటీసు ఇవ్వకుండా మార్కుని తీసేయడం చెల్లదని బాంబే హైకోర్టు 2013లో సిప్లా కేసులో చెప్పింది. అప్పట్లో ఆ నోటీసుని ఓ-3 అనేవాళ్లు. నోటీసు అందలేదని చూపించగలిగితే, ఏళ్లు గడిచాక కూడా హైకోర్టుకి వెళ్లి రిజిస్టర్‌లోకి తెచ్చుకునే దారి ఉంది. కాకపోతే దానికి అయ్యే ఖర్చుతో నాలుగు మార్కులు రెన్యూ చేయొచ్చు. మూడోది, మళ్లీ కొత్తగా దరఖాస్తు. అందులో "ఫలానా సంవత్సరం నుంచి వాడుతున్నాం" అని రాసుకోవచ్చు, పేరుకున్న ప్రతిష్ఠ మీద దావా వేసే హక్కు రిజిస్ట్రేషన్ లేకపోయినా ఉంటుంది. కానీ 2015 తేదీ పోతుంది. ఈ మధ్యలో ఎవరైనా అలాంటి పేరు రిజిస్టర్ చేయించుకుని ఉంటే, వాళ్లది ముందు, మీది వెనక అయి కూర్చుంటుంది.

డాలస్‌లో ఉన్న మీ బావగారు అక్కడ అమ్ముతానంటున్నారట. మీ భారత రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు, అక్కడ విడిగా తీసుకోవాలి. ఒక దేశం నుంచే వేరే దేశాల్లో ట్రేడ్‌మార్క్ అడగడానికి వీలిచ్చే మాడ్రిడ్ ఒప్పందంలో 2013 జూలై 8 నుంచి మన దేశం ఉంది కాబట్టి ఇక్కడి మార్కుని ఆధారంగా చేసుకుని మన ట్రేడ్‌మార్క్ ఆఫీసు ద్వారానే ఆ దరఖాస్తు పంపొచ్చు. అలా పంపినప్పుడు మొదటి అయిదేళ్లూ అక్కడి రిజిస్ట్రేషన్ ఇక్కడి మార్క్ మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడిది కూలితే అక్కడిదీ కూలుతుంది. అందుకని ముందు ఇల్లు చక్కదిద్దుకోండి, ఆ తరవాతే డాలస్. ఇంకో తేడా, అమెరికాలో డబ్బు కట్టడంతో సరిపోదు. అయిదో ఏడుకీ ఆరో ఏడుకీ మధ్య ఒకసారి, ఆ తరవాత ప్రతి పదేళ్లకీ, వాడుతున్నామని ప్రమాణపూర్వకంగా చెప్పి నమూనా చూపించాలి. చూపించకపోతే రద్దు చేస్తారు. బావగారు అక్కడి సీసాల ఫొటోలు, బిల్లులు ఇప్పటినుంచే దాచుకుంటే మంచిది.

రెన్యూవల్ పెట్టిన తరవాత ఊరుకోకండి. రెండు మూడు వారాలకొకసారి స్టేటస్ చూడండి. గడువు తేదీ 12-10-2035గా మారిందో లేదో రెండు నంబర్లకీ విడివిడిగా చూసుకోండి. రెన్యూవల్ సర్టిఫికెట్ అక్కడే పత్రాల్లో కనిపిస్తుంది, దింపుకుని అచ్చు తీసి పాత సర్టిఫికెట్ వెనక పిన్ చేయండి. ఉత్తరాలు వచ్చే ఈమెయిల్ మీ కంపెనీది పెట్టించండి, ఏజెంటుది ఒక్కటే వద్దు. నాది కూడా వద్దు, నేనూ ఎల్లకాలం ఉండను కదా.

ఈ వారంలో చేయాల్సింది: మండల ఆఫీసు సర్టిఫికెట్‌కి దరఖాస్తు, నాయనమ్మగారి సంగతి తేల్చుకోవడం, నాన్నగారి పాత బీరువాలో వెతకడం. నేను ఏ పాత బ్రాండ్ కేసు చూసినా ఆ బీరువాలోనే ఏదో ఒకటి దొరుకుతుంది, మొదటి ప్రింటర్ బిల్లో, తొలి ఏడాది లేబులో, ఏదో ఎగ్జిబిషన్ స్టాల్ రసీదో. దొరికినవన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి. ఏప్రిల్ 12 ఆదివారం వచ్చింది. ఆన్‌లైన్ కదా, ఆదివారమైనా పెట్టొచ్చులే అనుకోకండి, ఆఖరి రోజున డబ్బు ఖాతాలోంచి పోయి రసీదు రాకపోతే ఎవరికి చెప్పుకుంటారు? మార్చి పదో తేదీలోపు అయిపోయేట్టు చూసుకోండి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఆలస్యమవుతుంటే ఇక్కడే రాయండి, అది లేకుండా ముందు ఏం పెట్టొచ్చో చెప్తాను.